గేటుకు కావలి, గోడకు గండి: సటీకా తాత్పర్యం

అవతారిక. మహావ్యాఖ్యాత మల్లినాథసూరి మన మెతుకుసీమ కొలిచెలమ వాడు. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకొని కాళిదాసుకు టీక రాశాడు. చెల్పూరు వాణ్నైన నేను మొదటి ఒట్టు నిలుపుకుంటాను. రెండోది నా వల్ల కాదు.

మా ఊళ్లో కాపలా అంటే సందేహం లేని మాట. కాకతీయ థర్మల్ కేంద్రానికి ఒక గోడ, లోపల 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్లదొకటి, బయట మేము. పాసుంటే లోపలికి, లేకుంటే చాయ్ తాగి ఇంటికి. ఇందులో వ్యాఖ్యానానికి చోటు లేదు. మా పిల్లలు పరకాల మీదుగా హనుమకొండకు పై చదువులకు పోయినప్పుడే ఆ మాటకు అర్థభేదాలు మొదలవుతాయి.

మూలం. పద్యం నేను కట్టిందే. కవీ టీకాకారుడూ ఒకడే కనుక కవిహృదయం మీద తగాదా రాదు. ఏ విశ్వవిద్యాలయపు గేటని మాత్రం అడగవద్దు.

గేటు గలదు ముందు గేటుకు కావలి
గోడ కొకటి గండి కూడ గలదు
కార్డు చూపు మనును కాలినడకవాని
కారు వచ్చెనేని కనడు వాడు

ప్రతిపదార్థం. గేటు = ఇనుప ద్వారం. పగలంతా తెరిచే ఉంటుంది. తెరిచి ఉన్నదాన్ని కూడా గేటే అనడం రూఢి. ముందు = రోడ్డు వైపు, అనగా వచ్చే పెద్దలకు కనిపించే వైపు. కావలి = ఏజెన్సీ మనిషి; చేతిలో విజిల్, ముందర రిజిస్టరు, వెనుక విరిగిన కుర్చీ. గోడకు + ఒకటి = గోడకొకటి, ఉత్వసంధి. ఒకటి అన్నది ఛందస్సు కోసం. నిజంగా లెక్కపెడితే ఆటవెలది సరిపోదు, సీసం కావాలి. గండి = చెరువుకు వానతో పడేది, గోడకు షార్ట్‌కట్‌తో పడేది. కార్డు చూపుమనును = ‘తమ్మీ, కార్డు చూపియ్యి’ అనును. కాలినడకవాని = నాలుగేళ్లుగా అదే గేటులోంచి నడిచే విద్యార్థిని. కారు = తెల్లదైతే మరీ మంచిది. కనడు = చూడడు. ‘కదలు వాడు’ అని పాఠాంతరం. లేచి సెల్యూట్ కొడతాడని ఆ పక్షం వారి భావం. రెండు పాఠాలూ గ్రాహ్యాలే.

అలంకారం. అతిశయోక్తి అని కొందరు. కాదు, స్వభావోక్తి.

దోషం. ‘గేటు’ అనే ఏకవచనం దగ్గర కవి దొరికిపోయాడు. 1976 ఆగస్టు 19న పుట్టిన కాకతీయ విశ్వవిద్యాలయాన్నే చూడండి. విద్యారణ్యపురి ప్రాంగణానికే ఫస్టు గేటు, సెకండ్ గేటు ఉన్నాయి. ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ సుబేదారిలో, ఒక పీజీ కాలేజీ ఏకంగా ఖమ్మంలో. 1918 నాటి ఉస్మానియా మరీ విస్తారం: నిజాం కాలేజీ బషీర్‌బాగ్‌లో, ఒక పీజీ కాలేజీ సికింద్రాబాద్‌లో, ఇంకోటి సైఫాబాద్‌లో. అసలు ప్రాంగణంలో తార్నాక నుంచి విద్యానగర్ వైపు పోయే ఊరు ఊరంతా ఆర్ట్స్ కాలేజీని చూస్తూ పోతుంది. ఇలాంటి దానికి గోడ కట్టాలంటే నగరం చుట్టూ కట్టాలి. అదీ మనవాళ్లు చేసి చూశారు. ఓరుగల్లుకు బయట మట్టికోట, లోపల 45 బురుజుల రాతికోట, చుట్టూ కందకం. అయినా 1323లో ఢిల్లీ సేనాని ఉలుగ్ ఖాన్ చేతికి చిక్కిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఢిల్లీకి పోతూ దారిలోనే పోయాడు. రాతిగోడ ఇప్పటికీ ఉంది. ఆ కోటలో మనం రాష్ట్ర చిహ్నానికి ఎత్తుకొచ్చింది మాత్రం గోడను కాదు, తలుపుల్లేని తోరణాన్ని.

ప్రమాణం. 2015లో యూజీసీ విద్యార్థుల భద్రతకు సూత్రాలు రాసింది. తేలిగ్గా ఎక్కలేనంత గోడ, దాని మీద ముళ్లతీగ చుట్లు, మూడుకు మించని ద్వారాలు, కనీసం ముగ్గురు కాపలాదారులు, సీసీ కెమెరాలు, కొత్తవాళ్ల పేర్లకు రిజిస్టరు. సూత్రాలు బాగున్నాయి. రిజిస్టరులో సినిమా హీరో పేరు రాసి పోయిన వాణ్ని ఏ సూత్రం పట్టుకుంటుందో భాష్యకారులు చెప్పలేదు. కెమెరా కంటుంది గాని కాయదు; తెర ముందు రాత్రంతా మేలుకునే మనిషి కావాలి.

శంక. గండిని ఇటుకతో మూస్తే సరి కదా?

సమాధానం. గండి ఎక్కడ పడిందో చూడండి. హాస్టల్ నుంచి బస్‌స్టాపుకు సూటి దారి అక్కడే. గేటు మీదుగా చుట్టు తిరిగి పోవాలంటే మైలు, గండిలోంచి నాలుగడుగులు. పిల్లలు నడిచిన చోటే దారి, దారి ఉన్న చోటే గేటు ఉండాలి. కట్టినవాళ్లు గేటును శంకుస్థాపన శిలాఫలకం పక్కన పెట్టారు, పిల్లల కాళ్లు చెప్పిన చోట పెట్టలేదు. ఇటుకతో మూస్తే వారంలో పక్క ఇటుకలు ఊడతాయి.

అపవ్యాఖ్య ఒకటి ఖండించాలి. ఆడపిల్లల హాస్టల్ గేటు పొద్దుగూకంగనే మూయడాన్ని కొందరు భద్రత అని అర్థం చెబుతున్నారు. అది పిల్లకు రక్షణ కాదు, వార్డెన్ నిద్రకు రక్షణ. భద్రత అంటే లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా దారి పొడుగునా దీపాలు వెలగడం, చాయ్ బండి తెరిచి ఉండడం, నలుగురు నడుస్తూ ఉండడం. నడిచే దారికి కాపలా అక్కర్లేదు. నిర్మానుష్యమైన దారికి ఎంతమంది కావలివాళ్లూ చాలరు.

తాత్పర్యం. కావలివాణ్ని నేను తిట్టలేదు. కారును ఆపితే ఎవరి కోపం వస్తుందో అతనికి తెలుసు, కాలినడకవాణ్ని ఆపితే ఎవరి కోపమూ రాదనీ తెలుసు. ఏజెన్సీ మారినప్పుడల్లా మనిషి మారితే ముఖాలు గుర్తుపట్టేదెవరు? పదేళ్లు ఒకే చోట ఉన్న కావలికి కార్డుతో పనే లేదు. ఎవరి బిడ్డ ఎవరో, ఎవరు కొత్తో చూడంగనే చెబుతాడు. అతన్ని అక్కడే ఉండనివ్వండి, జీతం నెలనెలా ఇవ్వండి. సుబేదారిలో ఏదైనా జరిగితే విద్యారణ్యపురికి వెంటనే తెలిసేలా అందరికీ ఒకటే ఫోన్ నంబరు పెట్టండి.

ఇది చెల్పూరు నివాసి రాసిన టీక. పద్యంలో యతి తప్పితే పండితులు దిద్దుకోగలరు. ఇంజనీరు గారికి మనవి: గండిని మూయకండి, దానికి చిన్న గేటు, ఒక దీపం పెట్టించండి.