మేట్రన్ రాసే ఒక్క వాక్యం

ఈ కాలం పిల్లలు నర్సింగ్‌లో చేరి, కొత్త యూనిఫాం మడతలు పోకముందే రెజ్యూమె రాసేస్తున్నారు. రిటైరైన హెడ్ నర్సుని కదా, మా కాలనీలో ఎవరమ్మాయి రాసినా "ఆంటీ, ఒక్కసారి చూడరా" అంటూ నా ఫోనుకే వస్తుంది. చూస్తాను, చూడకేం. పైన నీలం పట్టీ, మెడలో స్టెతస్కోపుతో ఫొటో, పక్కన చుక్కలు పెట్టి మార్కులు. ఇంగ్లిషుకి ఐదింటికి నాలుగు, నాయకత్వానికి ఐదుకి ఐదు. ఎవరేశారమ్మా ఈ మార్కులు అంటే, "నేనే ఆంటీ" అంటుంది.

మా రోజుల్లో మన మార్కులు మనం వేసుకునే వీల్లేదు. 1970ల్లో కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో మూడున్నరేళ్ళు చదివాం. చివరికి చేతికొచ్చేవి రెండే కాగితాలు. ఒకటి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, రెండోది మేట్రన్ ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్. అందులో మన గురించి ఉండేది ఒక్క వాక్యం. "పనిమంతురాలు, వేళ తప్పదు" అని ఉంటే ఉద్యోగం వచ్చినట్టే. "సంతృప్తికరం" అని ఊరుకుంటే, చదివినవాళ్ళకి ఆ ఊరుకోవడమే చాలు. ఆ వాక్యం కోసం గాజు సిరంజిలు ఉడకబెట్టాం, మొద్దుబారిన సూదులు రాయి మీద నూరాం. వాడిన రబ్బరు గ్లవ్స్ కడిగి, నీళ్ళు నింపి చిల్లులు వెతికి, ఆరబెట్టి, పౌడరు చల్లి డ్రమ్ముల్లో సర్ది ఆటోక్లేవ్‌కి పంపాం. రాత్రి డ్యూటీలో కాస్త ఊపిరాడితే గాజుగుడ్డ కత్తిరించడం, దూది ఉండలు చుట్టడం. దుప్పటి మూల సరిగ్గా మడవకపోతే సిస్టర్ ట్యూటర్ పక్కంతా లాగిపారేసేది, రోగి వస్తున్నాడన్నా సరే.

అంతా బంగారమని కాదు. మేట్రన్‌కి ఎదురు చెప్పిన పిల్లకి ఎంత పని చేసినా ఆ వాక్యం చప్పగానే వచ్చేది. నాతో చదివిన ఒకావిడ, కాన్పుల వార్డులో ఆమె చెయ్యి పడితే తల్లులు నిమ్మళించేవాళ్ళు, టోపీలోంచి జుట్టు బయటికొస్తోందన్న నేరానికి "సంతృప్తికరం"తోనే బయటపడింది. కాబట్టి తన సంగతి తను రాసుకునే వీలు ఈ పిల్లలకి రావడం మంచిదే. ఆ వీలు దొరికాక ఏం రాస్తున్నారన్నదే నా గొడవ.

"ఒత్తిడిలోనూ ప్రశాంతంగా పనిచేయగలను." ఒక్క రాత్రి డ్యూటీ పడని పిల్లకి ఒత్తిడేమిటి? "ప్రతిష్ఠాత్మక సంస్థలో చేరి, సంస్థ అభివృద్ధికి తోడ్పడటం నా లక్ష్యం." ఇది ఇంజనీరింగ్ చదివే అన్నయ్య రెజ్యూమెలోంచి ఎత్తిన ముక్క, అన్నయ్య ఎక్కణ్ణించి ఎత్తాడో మరి. తండ్రి పేరు, ఎత్తు, కులం, పెళ్ళయిందా లేదా, ఇవి మాత్రం మా కాలం బయోడేటాలోంచి పదిలంగా మోసుకొచ్చారు. మా దగ్గర తీసుకోవలసినవి ఇంకేమీ కనపడలేదు కాబోలు.

అసలు రాయాల్సినది ఉండదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సెమిస్టర్ సిలబస్‌లో, నర్సింగ్ ఫౌండేషన్‌కే మొదటి సెమిస్టర్లో 160, రెండో సెమిస్టర్లో 320 క్లినికల్ గంటలు. ఏడాదిలో 480 గంటలు వార్డులో నిలబడ్డావు, అది రాయవే తల్లీ! ఏ ఆసుపత్రి, ఎన్ని పడకలు, మెడికలా సర్జికలా, ఎన్ని గంటలు. స్వయంగా చేసినవేమిటి? పక్కలు వేయడం, స్పాంజ్ బాత్, నోటి శుభ్రం, టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్టు, ఇన్‌టేక్ అవుట్‌పుట్ లెక్క. చూసినవి విడిగా, సిస్టర్ పక్కన నిలబడితే చేసినవి విడిగా. మాకు మిడ్‌వైఫరీ కేస్ బుక్కు ఉండేది. చూసిన కాన్పులు ఒకచోట, మేం చేసిన 20 కాన్పులు ఇంకోచోట, ప్రతిదాని కిందా సంతకం. రెండూ కలిపేస్తే పుస్తకం మొహాన కొట్టేవారు. ఇప్పుడూ లాగ్ బుక్కు ఉంది, సంతకాలూ ఉన్నాయి. దాన్ని హాస్టలు పెట్టెలో పడేసి, నర్సుకి ఏ నైపుణ్యాలుండాలో ఫోన్లో వెతుకుతారు.

మొన్న ఒకమ్మాయి "మందులివ్వడంలో నైపుణ్యం" అని రాసుకొచ్చింది. సరే, ఇంటర్వ్యూ అనుకో అని అడిగాను. ఇన్సులిన్ సీసా మీద మిల్లీలీటరుకి 40 యూనిట్లని ఉంది, నీ చేతిలో ఉన్నది 100 యూనిట్ల సిరంజి, 40 గీత దాకా లాగి పొడిచావు. ఎంత వెళ్ళింది? "40" అంది ధీమాగా. ఆ సిరంజిలో 40 గీత అంటే 0.4 మిల్లీలీటరు. అందులో ఉండేది 16 యూనిట్లే. మన దగ్గర సీసాలు ఎక్కువగా 40వి, పెన్నులు 100వి, సిరంజిలు రెండు రకాలూ దొరుకుతాయి. ఈ తేడా తెలియకుండా నైపుణ్యమా? మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళింది గానీ, మర్నాడు ఆ లైను మార్చి "సిస్టర్ ఇన్సులిన్ ఇస్తుండగా గమనించాను" అని పంపింది. నేనైతే ఆ పిల్లని తీసుకుంటాను.

ఇక సర్టిఫికెట్లు. ఫోన్లో లింకు తెరిచి పక్కన పెట్టి, అన్నం తిని వచ్చేసరికి "పాల్గొన్నందుకు" ఒకటి. అలాంటివి పది చేర్చారంటే చూసేవాళ్ళకి విసుగు తప్ప ఏం లేదు. బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కార్డు మాత్రం వేరు. దానికి తల వంచాల్సిందే. బొమ్మ రొమ్ము మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, లెక్క తప్పకుండా నొక్కి చూపిస్తున్నారు. మాకా బొమ్మే లేదు. అయితే ఆ కార్డు రెండేళ్ళే చెల్లుతుంది, తేదీ వేయమంటే వేయరు. స్టూడెంట్ నర్సెస్ అసోసియేషన్ 1929 నుంచీ ఉంది. అందులో కోశాధికారిగా లెక్కలు చూశానని రాస్తే ఆ ఐదు చుక్కల కంటే నయం. పల్స్ పోలియో బూత్‌లో కూర్చున్నా రాయొచ్చు. అప్పుడే పుట్టిన పసిగుడ్డుతో సెల్ఫీ మాత్రం పెట్టకూడదు. ఇదీ చెప్పాల్సి వచ్చింది నాకు.

పాతబస్తీలో పుట్టిపెరిగిన పిల్ల ఒకతి భాషల దగ్గర తెలుగు, ఇంగ్లిషు, జర్మన్ ఏ1 అని రాసింది. ఉర్దూ ఏదమ్మా అంటే "అది ఇంట్లో మాట్లాడేదే కదా ఆంటీ" అంటుంది. హైదరాబాదు వార్డుల్లో సగం మాట ఉర్దూలోనే నడుస్తుంది. జర్మనీలో నర్సుగా గుర్తించాలంటే మామూలుగా బీ2 స్థాయి అడుగుతారు, ఏ1తో ఎక్కడికి వెళ్తుంది?

ఆ పిల్లకే ఇంకో చిక్కుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో రెండు ముక్కలు. ఆ మెమోలోని పేరే డిగ్రీకీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కీ వెంట వస్తుంది, రేపు విదేశానికి కాగితాలు పంపితే అక్కడే ఆగిపోతాయి. నీలం పట్టీ సంగతి తర్వాత, ముందు చదివిన బడికి పోయి హెడ్మాస్టరు చేత దరఖాస్తు పెట్టించమన్నాను. "ఆన్‌లైన్‌లో అవ్వదా ఆంటీ?" అంది.