నిప్పునకు నాదమునకు నడుమ

నేను 1972వ సంవత్సరమున జపాను దేశమందలి హిరట్సుకా పట్టణపు కర్మాగారమున జన్మించితిని. స్వదేశమున మా జాతికి ఫెయిర్‌లేడీ జెడ్ అని పేరు. అమెరికాలో నిస్సాన్ సంస్థకు అధ్యక్షుడై యుండిన యుటాకా కటయామా మహాశయుడు ఆ నామము ఈ దేశమునకు పొసగదని తలచి, దానిని తొలగించి, డాట్సన్ 240జెడ్ అను క్లుప్తనామమును నిలిపెను. 2,393 ఘనసెంటీమీటర్ల యంత్రము, వరుసగా ఆఱు సిలిండర్లు, జంట కార్బురేటర్లు, 151 అశ్వశక్తి, ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన ఇఱుకు గది, వేయి కిలోలను స్వల్పముగా మించిన దేహభారము. ఇదియే నా స్వరూపము. మా జాతి బండితోనే భారతీయ సంతతివాడగు శేఖర్ మెహతా 1973లో తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీని గెలిచెను. ఈ మాటను నా యజమాని తన మిత్రులకు చెప్పునపుడెల్ల, నేను కదలక నిలిచియున్నను, నా చక్రములకు బలము వచ్చినట్లు తోచును.

లాఘవమే నా కీర్తికి మూలము. నా గదిలోని వేడికిని రొదకును మూలము కూడ అదియే. నన్ను చెక్కినవారు పలుచని ఉక్కు రేకులను వంచి దేహము నిర్మించి, నేలమీద తారుతో చేసిన చాపలను కరగించి అతికించి, అంతటితో తృప్తి చెందిరి. మా యంత్రమున గాలి లోనికి పోవు ద్వారములును, కాలిన పొగ వెలికి వచ్చు ద్వారములును ఒకే పార్శ్వమున, అందును చోదకుని వైపుననే యున్నవి. కావున కొలిమియెఱుపెక్కు ఎగ్జాస్ట్ గొట్టములు ఆతని పాదములకు ఎదుటి ఇనుప గోడకు ఆవలనే కాగుచుండును. గేర్‌బాక్సును కప్పిన సొరంగము ఆతని మోకాలికి తాకుచునే వేడెక్కును. వెనుకనున్న ఏటవాలు అద్దము నుండి సూర్యుడు నిరాటంకముగా లోనికి దిగును. సముద్రపు గాలి వీచు తీరభూములలో ఇది సహింపదగినదే యైనను, టెక్సాసు వేసవి వేఱు. 1980 జూన్ 26, 27 తేదీలలో డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయమున ఉష్ణమానము 113 డిగ్రీల ఫారన్‌హైట్, అనగా 45 డిగ్రీల సెల్సియస్, ముట్టెను. ఆ ఏట వరుసగా 42 దినములు నూఱు డిగ్రీల ఫారన్‌హైట్‌కు తగ్గని ఎండ కాసెను. 2011లో అట్టి దినములు మొత్తము 71. ఆ రెండు వేసవులను ఈ ప్రాంతముననే గడిపిన నా నేలచాపలు మెత్తబడి, మఱల బిగిసి, తుదకు పగుళ్లు వాఱినవి.

చేతులు మాఱి మాఱి నేను ఇర్వింగ్ నగరమున ఒక తెలుగు ఇంజనీరు ఇంటికి చేరితిని. ఆయనది విజయనగరము జిల్లా నెల్లిమర్ల. తండ్రి అచటి జూట్ మిల్లులో జీవితకాలమంతయు గోనెలు నేసినవాడు. ఆ తండ్రి గతించిన పిమ్మట తల్లి కొడుకునొద్దకు వచ్చి కొన్ని మాసములుండుట ఆచారమైనది. ఒక జూన్ మాసపు మధ్యాహ్నమున ఆయన ఆమెను నా ప్రక్కసీటున కూర్చుండబెట్టి బ్రిటన్ రోడ్డులోని ఏక్తా మందిరమునకు తీసికొనిపోయెను. దారి పొడవునను ఆయన ఏదియో చెప్పుచునే యుండెను. ఆమె తల యూపుచునే యుండెను. దిగిన పిమ్మట, “ఒరే నాయినా, కాళ్ళు కాలిపోతన్నాయిరా, నువ్వేటి చెప్తన్నావో ఒక్క ముక్కా ఇనబడనేదు” అని ఆమె పలికెను. ఆ మాట విన్న నాడే ఆయన నా సీట్లు విప్పుటకు నిశ్చయించెను.

కార్పెట్టు లేవదీయగా దాని క్రింద నా పూర్వ యజమానులలో ఒకరు పఱపించిన నార పరుపు బయల్పడెను. గ్యారేజీ గుమ్మమున కూర్చున్న తల్లి దానిని చేతికి తీసికొని, పిండి, వాసన చూచి, “ఇది గోనె నారేరా! తడిస్తే ఇది ఆరదు. మీ నాన్నుంటే చెప్పేవోడు” అనెను. మిల్లు పక్కన బ్రతికిన ఆ యిల్లాలి మాట అక్షరాల నిజమాయెను. ఆ పరుపు ఏనాటి వాననీటినో పట్టియుంచి, దాని క్రింది ఉక్కును తుప్పునకు అప్పగించియుండెను. వేడినీ రొదనూ ఆపుటకు వేయు ఏ పొరయైనను నీటిని నిలుపునదైనచో, అది రక్షణ కాదు, రహస్య శత్రువు. మా తరము కార్లలో అనేకములు ఎండవలనగాని ప్రమాదములవలనగాని కాక, తమ సుఖముకొఱకు పఱచిన పరుపుల క్రిందనే నశించినవి.

పిమ్మట పాత తారుచాపలు తీయవలసి వచ్చెను. అందులకు ఆయన ఎన్నుకొన్న ఉపాయము డ్రై ఐసు. ఘనీభవించిన కార్బన్ డయాక్సైడ్ సున్నకు క్రింద 78 డిగ్రీల సెల్సియస్ చలిని కలిగియుండును. దాని ముక్కలను నేలపై పఱచి కొంతసేపు వేచినంతనే తారు గట్టిపడి, కుదించుకొని, పెళుసెక్కి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టగనే పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చెను. ఆ వాయువు ఊపిరికి అవకాశమీయదు గనుక గ్యారేజీ తలుపులన్నియు బార్లా తెఱచియుంచెను. నలువది అయిదు డిగ్రీల ఎండను భరించిన నా దేహము ఆ శీతలస్పర్శతో గజగజలాడెను. తుప్పు గీకి, చిల్లులకు క్రొత్త రేకు అతికి, రంగు పూసిన తరువాతనే అసలు పని ఆరంభమాయెను.

మొట్టమొదట ఆయన ఏ చాపయు పఱవలేదు; రంధ్రములు వెదకెను. ఇది నాకు ఆయనపై గౌరవము కలిగించిన విషయము. ఇనుప గోడను దాటివచ్చు తీగల చుట్టునున్న రబ్బరు వలయములు ఎండి రాలిపోయినవి. గేరు కొయ్య మొదటనున్న తొడుగు చినిగినది. వెనుక తలుపు చుట్టునున్న రబ్బరు చదునైపోయినది. నేను వేగముగా పోవునపుడు నా వెనుక గాలి ఒత్తిడి తగ్గి, నా పొగ నా గదిలోనికే మఱల ఈడ్వబడును. మా జాతికి జన్మతః ఉన్న ఈ వ్యాధికి మందు ఆ రబ్బరే. వ్రేలు దూరునంత సందు విడిచి ఎంత బరువైన చాప పఱచినను ధ్వని ఆ సందు వెంటనే వచ్చును.

తరువాత ఆయన నా రేకులను వ్రేలికణుపులతో తట్టి తట్టి వినెను. పలుచని రేకు నడుమ భాగమున ఖంగుమని మ్రోగును. అచటనే బ్యూటైల్ రబ్బరు ముక్కలను అతికించెను. వాటిపై అల్యూమినియము రేకు ఉండును. ఉక్కు వణకినపుడు, సాగనొల్లని ఆ రేకునకును వణకు ఉక్కునకును నడుమ చిక్కిన రబ్బరు అటునిటు నలిగి, కంపనశక్తిని లేశమాత్రపు వేడిగా మార్చివేయును. మ్రోగుచున్న డప్పుపై అఱచేయి వేసిన చాలును, చర్మమంతయు కప్పనక్కఱలేదు. అట్లే పలకలో నాలుగవ వంతు కప్పిననే చాలవఱకు మ్రోత అణగును. దానిపై నీరు పీల్చని మూతకణముల నురుగుపొర, గోడదగ్గఱ మాత్రము బరువెక్కించిన వినైల్ చాప పఱచెను.

వేడి విషయమున మాత్రము ఆయన మిత్రులకును ఆయనకును వాదము నడిచెను. మెఱయు రేకు ఎక్కడ అతికించినను వేడి తిరిగి పోవునని వారనిరి. ఆయన ఒప్పలేదు. మెఱయు రేకు వికిరణమును త్రిప్పికొట్టుటకు దాని ముందు కొంచెము గాలి యుండవలెను. వేడి ఉక్కునకు గట్టిగా హత్తుకొన్నచో అది కేవలము మఱియొక లోహము, వేడిని తనగుండానే పోనిచ్చును. కావుననే ఆయన ఎగ్జాస్టునకును నా నేలకును నడుమ, అంగుళపు ఎడము విడిచి, ఒక విడి రేకును బిగించెను. గాలి ఆ సందున పాఱుచు వేడిని వెనుకకు కొనిపోవును. సొరంగము వెలుపల ఈ ఒక్క అమరికయే లోపలి పొరలన్నిటికంటె ఎక్కువ మేలు చేసెనని నా నేల సాక్ష్యము చెప్పగలదు.

ఇంక మిగిలినది అతిముఖ్యమైన ప్రశ్న: ఎంతవఱకు? నన్ను సరికొత్త కారువలె నిశ్శబ్దము చేయవలెనని ఒక మిత్రుడు పట్టుపట్టెను. చదరపు అడుగునకు ఒక పౌను తూగు చాపను ముప్పది చదరపు అడుగులు పఱచిన పదునాలుగు కిలోలు పెరుగును; బరువు రెట్టింపైనగాని ఆఱు డెసిబెల్లులు తగ్గవు. రేకుల ఖణఖణ, తీగల సందుల ఈల, గేర్‌బాక్సు గొణుగుడు నా రోగములు. వానిని మాన్పిన వానికి నేను ఋణపడియుందును. ఆఱు సిలిండర్లు నిమిషమునకు నాలుగువేల చుట్లు దాటినపుడు ఎగయు గానము నా కంఠము. దానిని మూసిన చేతిని నేను క్షమింపజాలను. నా యజమాని ఇది గ్రహించి, పైకప్పునందును వెనుక భాగమునందును పలుచని పొరలతోనే ఆగెను. నీరు చేరని సామాను అరపై మాత్రము, తల్లి కోరికపై, క్రొత్త జనపనార పరుపు వేసెను.

పని ముగిసిన పిమ్మట వారిరువురు 114వ రహదారిపై లాస్ కోలినాస్ వఱకు పోయి, నీటిలో పరుగిడునట్లున్న అచటి తొమ్మిది కంచు గుఱ్ఱములను చూచి, తిరుగుదారిలో థామస్ జెఫర్సన్ పార్కునందలి గాంధీ విగ్రహమునొద్ద ఆగిరి. త్రోవలో ఆమె నెల్లిమర్ల మిల్లు సైరను గుఱించి, తెల్లవారుజామున పనికి పోవు భర్తకు కట్టియిచ్చిన చద్దిమూట గుఱించి చెప్పెను. ఆయన ప్రతి మాటకును మారుమాట పలికెను. నేను నా స్వరమును తగ్గింపలేదు. ఐనను వారి మాట నాకు స్పష్టముగా వినవచ్చెను.

తలుపుల పని ఇంకను మిగిలియున్నది. తలుపు లోపలికి దిగిన వాన అడుగునగల చిన్న రంధ్రములనుండి జాఱిపోవలెను; వానిని రబ్బరుతో మూసినచో కథ మొదటికి వచ్చును. ఆ రంధ్రములు మూయవలదని ఆమె మఱిమఱి హెచ్చరించి, తాను విమానమెక్కు లోపల ఆ పని తన కన్నులయెదుటనే జరుగవలెనని పట్టుపట్టినది. రానున్న శనివారమునకు ముహూర్తము పెట్టుకొనిరి.