బోరబండీయము: రిసార్టు సూచనలకు టీకా తాత్పర్యములు

అవతారిక: ఈ గ్రంథం అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద, కోచింగ్ సెంటర్ల కరపత్రాల నడుమ నా చేతికి వచ్చింది. నిగనిగలాడే కాగితం, రెండు వైపులా ముద్రణ. కర్త అజ్ఞాతుడు, ఫోన్ నంబరు మాత్రం జ్ఞాతం. పారేసి మా బోరబండ చేరేసరికి ఇదే పాఠం మా అల్లుడుగారు ఇంటి వాట్సాప్‌లో పెట్టి, "మామయ్యా, గోవా వెళ్ళేముందు శ్రద్ధగా చదవండి" అన్నారు. 30 ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి శ్రద్ధగా చదవమంటే ఏమవుతుందో ఆయనకు తెలియదు.

కోలాచల మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. నేనూ అదే ఒట్టుతో మొదలుపెడుతున్నాను.

మూలం 1: "అతిథి మహాశయులు తేలికైన నూలు వస్త్రములు, టోపీ, నల్ల కళ్ళద్దములు వెంట తెచ్చుకొనవలెను."

టీక: వస్త్రములు, కళ్ళద్దములు సులభం, వదిలేస్తున్నాను. టోపీ దగ్గర ఆగాలి. తెలుగులో టోపీకి రెండు క్రియలున్నాయి. 'పెట్టుకోవడం' మన నెత్తికి, ఎండ కోసం. 'పెట్టడం' ఎదుటివాడి నెత్తికి, డబ్బు కోసం. మొదటిదే తెచ్చుకొమ్మన్నాడు గనుక రెండోది వాళ్ళే సమకూరుస్తారని ధ్వని. దాని కొలత తర్వాతి సూత్రంలో ఉంది.

మూలం 2: "3 రాత్రులు, 4 పగళ్ళు సముద్రుని ఒడిలో సేదదీరండి. ధర అత్యల్పం*."

టీక: పగలు 12 గంటలు, రాత్రి 12 గంటలు అనుకుంటే ఏడింటికీ కలిపి 84 గంటలు కావాలి. గది ఇచ్చేది మొదటి రోజు మధ్యాహ్నం 2కు, ఖాళీ చేయించేది నాలుగో రోజు ఉదయం 11కు. అంటే 69 గంటలు. తక్కిన 15 గంటలు, ఘడియల్లో ముప్పై ఏడున్నర, ఎటు పోయాయి? వ్యాకరణంలో దీన్ని లోపం అంటారు.

లోపం ఒక్కటే అయితే సహించవచ్చు. క్రితంసారి మాకు బిల్లులో సర్వీసు ఛార్జీ వచ్చి చేరింది. అది ఆగమం. సముద్రం కనిపించే గదికి బదులు జనరేటరు కనిపించే గది ఇచ్చారు. అది ఆదేశం. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుంది, ఆదేశం శత్రువులా ఉన్నవాణ్ణి లేపేసి కూర్చుంటుంది అని మా గురువుగారు చెప్పేవారు. ఆ రెండూ ఒకే బిల్లులో కాపురం చేయగలవని ఆయనకూ తెలియదు. ఇక ధర పక్కనున్న నక్షత్రం అరుంధతి వంటిది. చూపించేవాడే గాని చూసినవాడు లేడు.

మూలం 3: "సీ వ్యూ, ఈత కొలను, పూలతోట, బార్, కాసినో, సమస్తమూ ఒకేచోట."

టీక: ఇక్కడ పాఠకులు కొంచెం స్థిమితంగా కూర్చోవాలి. మహాకావ్యంలో ఏమేమి వర్ణించాలో దండి కావ్యాదర్శంలో చెప్పాడు. మనవాళ్ళు వాటిని 18గా లెక్కకట్టి ప్రబంధం నెత్తిన పెట్టారు. నగరం, సముద్రం, కొండ, ఋతువు, సూర్యచంద్రోదయాలు, ఉద్యానం, జలక్రీడ, మధుపానం, విప్రలంభం, వివాహం, మంత్రాంగం, జూదం, ప్రయాణం, యుద్ధం, నాయకాభ్యుదయం వగైరా. కరపత్రకర్త దండిని చదివాడనే నా నమ్మకం. ఉద్యానం కుండీల్లో ఉంది. జలక్రీడ నీలి టైల్స్ మధ్య ఉంది. జూదం మాండవి నదిలో పడవెక్కి తేలుతోంది. నదినీ జూదాన్నీ ఒకే వర్ణనలో ఇరికించడం దండికీ తట్టలేదు. మంత్రాంగం మూడు వారాలుగా వాట్సాప్‌లో నడుస్తోంది. యుద్ధం బఫే మూసే పది నిమిషాల ముందు ఇడ్లీల దగ్గర జరుగుతుంది. విప్రలంభానికి మా ఆవిడే ఉదాహరణ: క్రితంసారి ఆ కొలను పక్కన కూర్చుని, "ఈవేళ మనకు నీళ్ళ రోజు, పక్కింటివాళ్ళు నల్లా కట్టారో లేదో" అని నిట్టూర్చింది. బోరబండలో రోజు మార్చి రోజు వచ్చే నీటి మీద విరహం, కంటి ముందు కొలనుండగానే!

మిగిలింది నాయకాభ్యుదయం. ఈ కావ్యానికి నాయకుడెవరు? బిల్లు కట్టేవాడు కాడు, అతనికి అభ్యుదయం లేదు. అభ్యుదయం ఎవరిదో వాడే నాయకుడు గనుక, కరపత్రం వెనకున్న ఏజెంటే ధీరోదాత్తుడని సిద్ధాంతం.

ఎక్కడున్నాం? అవును, కరపత్రం.

మూలం 4: "మాన్సూన్ ధమాకా! జూన్ నుంచి సెప్టెంబరు వరకు సగం ధర. కెరటాలతో కేరింతలు కొట్టండి."

టీక: ఇక్కడ మల్లినాథుడి ఒట్టు తప్పుతున్నాను. మూలంలో లేనిది రాస్తాను, ఎందుకంటే అక్కరకొచ్చేది మూలంలో లేదు.

ఆ నాలుగు నెలలూ గోవా ఒడ్డున ఎర్ర జెండాలుంటాయి. సముద్రంలో దిగవద్దని వాటి అర్థం. ధర సగమైంది అందుకే. టోపీకి ఒక వాక్యం కేటాయించినవాడు జెండాకు ఒక్క అక్షరం కేటాయించలేదు. వానాకాలమే కాదు, మన విశాఖ ఆర్కే బీచ్‌లోనూ రుషికొండలోనూ మంచి ఎండరోజున కూడా మనుషులు కొట్టుకుపోతూనే ఉన్నారు. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరు తిరిగి వెళ్ళడానికి ఒక సన్నని దారి వెతుక్కుంటుంది. దాన్ని రిప్ కరెంట్ అంటారు. ఆ దారిలో కెరటాలు సరిగా విరగవు గనుక చూడ్డానికి అక్కడే ప్రశాంతంగా ఉంటుంది. పిల్లల్ని తీసుకుని మనం దిగేదీ అక్కడే. అది లాగితే ఒడ్డువైపు ఎదురీదకూడదు, అలసిపోతాం. కంగారు పడకుండా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈ నాలుగు మాటలు అచ్చువేయడానికి ఎంత సిరా పడుతుంది? అత్యల్పం. నక్షత్రం కూడా అక్కర్లేదు.

తాత్పర్యం: హైదరాబాదుకు సముద్రం లేదు, బోరబండకు బండే ఉంది. అయినా దేశానికి సముద్రం సంగతి చెప్పేది మన ఊరే. మూసాపేట, కూకట్‌పల్లి దాటితే వచ్చే ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. 1999లో పెట్టిన ఆ కేంద్రం నుంచే ఎత్తైన అలల హెచ్చరికలు వెళతాయి. 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కడివే. అల్లుడుగారూ, బయలుదేరే ముందు ఆ హెచ్చరిక చూసి వాట్సాప్‌లో పెట్టండి, శ్రద్ధగా చదువుతాను. ఎర్ర జెండా కనబడితే ఎవరూ దిగకండి. టోపీ మరిచిపోయినా ఫరవాలేదు.