వీరుల్ని చంపితే ఎన్ని మార్కులు?

ఏ ఆటనైనా ఆడేవాడు ముగించాలి. ఆడేవాడికి ఆ శ్రమ కూడా లేకుండా తనంతట తనే ముగిసిపోయిన ఘనత ‘సూసైడ్ స్క్వాడ్: కిల్ ది జస్టిస్ లీగ్’ అనే వీడియో గేమ్‌ది. 2024 జనవరి ఆఖర్లో, అందరికన్నా 72 గంటలు ముందు ఆడుకునే భాగ్యం కోసం 100 డాలర్లు సమర్పించుకున్న భక్తుల్లో కొందరు కంట్రోలర్ చేతబట్టి కూర్చునేసరికి, కథంతా పూర్తయిపోయినట్టు తెర మీద కనబడింది. ఒక్క తూటా పేల్చలేదు, ఒక్క మేడ ఎక్కలేదు, లోకరక్షణ మాత్రం జరిగిపోయింది. జనం లబోదిబోమంటే సర్వర్లు ఆపేసి, గంటల తరబడి మరమ్మతు చేసి, పరిహారంగా 20 డాలర్ల సొమ్ము ఇచ్చారు. నిజం సొమ్మనుకునేరు! ఆటలో మాత్రమే చెల్లే లూథర్ నాణేలు. వాటితో ఆటలోని కొట్లో, ఆటలోని బొమ్మకి, ఆటలోని చొక్కా కొనుక్కోవచ్చు.

లోకం నవ్వింది. తర్వాత వచ్చిన సమీక్షలు చదివాక నాకు మాత్రం ఆ లోపం మీద గౌరవం కలిగింది. ఆ ఆటను అందరికన్నా ముందు సమీక్షించింది ఆ ఆటే. ‘ఇది మీరు ఆడక్కర్లేదు, అయిపోయిందనుకోండి’ అని మొహమాటం లేకుండా తేల్చేసింది. మిగతా సమీక్షకులు అదే మాట చెప్పడానికి వెయ్యేసి పదాలు ఖర్చుపెట్టారు.

వాళ్లనూ అనలేం పాపం. విడుదలకు ముందు సమీక్ష కాపీలు చేతికి రానివాళ్లే ఎక్కువ. అంతకు కొన్ని వారాల ముందు పత్రికలవాళ్లను పిలిచి కొన్ని గంటలు ఆడనిస్తే పెదవి విరుపులే ఎక్కువ వినిపించాయి. దాంతో కంపెనీ గడుసుగా ఒక సూత్రం కనిపెట్టింది. ఉచితంగా ఆడి తిట్టేవాళ్లను గుమ్మంలో ఆపి, 100 డాలర్లు కట్టి తిట్టేవాళ్లను ముందు లోపలికి పంపాలి. బెనిఫిట్ షోల సంగతి మనకు కొత్త కాదు. టికెట్ రేటు పెంచి, అర్ధరాత్రి దాటాక బొమ్మ వేసి, తెల్లారేసరికి ‘రివ్యూలు సినిమాను చంపేస్తున్నాయి’ అని వాపోయే నిర్మాతల్ని చాలామందిని చూశాం. ఎంతైనా మన నిర్మాత ధర్మాత్ముడు. రేటు ఎంత పెంచినా, సినిమాను మొదటి రీలు నుంచే వేయిస్తాడు.

ఇదేదో ఊరూపేరూ లేని కంపెనీ చేసిన పనైతే వదిలేద్దుం. చేసింది లండన్‌లోని రాక్‌స్టెడీ. 2009లో ‘బ్యాట్‌మన్: ఆర్కమ్ అసైలమ్’ చేసి, సమీక్షకుల మెప్పు అత్యధికంగా పొందిన సూపర్‌హీరో ఆటగా గిన్నిస్ పుస్తకంలోకెక్కిన స్టూడియో. 2011లో ‘ఆర్కమ్ సిటీ’తో ఇంకా పైమెట్టెక్కింది. ఆ ఆటల్లో బ్యాట్‌మన్ తుపాకీ ముట్టడు. చీకట్లో రాతిబొమ్మ మీద గబ్బిలంలా నక్కి, కింద ఒక్కొక్కడూ ఒంటరయ్యేదాకా ఓపిక పడతాడు. నలుగురు మీదపడితే, ఎవడి చెయ్యి ముందు లేస్తుందో కనిపెట్టి ఆ క్షణానికే బొత్తం నొక్కాలి. ఒక క్షణం ముందైనా దెబ్బే, ఒక క్షణం వెనకైనా దెబ్బే. ఆ పోరాటం తీరును తర్వాత ఎన్ని ఆటలు ఎత్తుకెళ్లాయో లెక్కలేదు.

2015లో ‘ఆర్కమ్ నైట్’ తర్వాత అంతటి ఆట మళ్లీ తీసుకురావడానికి వాళ్లకు దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్ల తపస్సుకు ఫలం ఏమిటయ్యా అంటే, ఆటగాడు నడిపే నలుగురు విలన్లకూ తుపాకీ. సొరచేప తల, కొండంత ఒళ్లు, ఒక్క కొరుకుతో పని ముగించగల దవడలు ఉన్న కింగ్ షార్క్ చేతిలో తుపాకీ పెట్టారు. బూమరాంగ్ విసరడమే పేరూ వృత్తీ అయిన కెప్టెన్ బూమరాంగ్‌కీ తుపాకీ. హార్లీ క్విన్‌కీ తుపాకీ. డెడ్‌షాట్ పుట్టుకతోనే తుపాకీల మనిషి కాబట్టి అతగాడొక్కడికే అన్యాయం జరగలేదు. ఇక పనులంటారా, మేడ మీద యంత్రానికి కాపలా కాయడం, బండి వెంట కాపలాగా పోవడం, బందీల్ని విడిపించడం, మళ్లీ ఇంకో మేడ మీద కాపలా. అంతా అయ్యాక జీతంగా ఇంకో తుపాకీ. పాతదాని కన్నా నాలుగు అంకెలు ఎక్కువ చూపిస్తుంది. ఆ నాలుగు అంకెల తేడా చూసి మురిసిపోగలిగినవాడికి ఇది స్వర్గం. ఐజీఎన్ సైటు పదికి అయిదు వేసింది. సమీక్షల మార్కులన్నీ కూడే మెటాక్రిటిక్‌లో సగటు అరవై దరిదాపుల్లో ఆగింది. వందకు డెబ్బై వస్తేనే తప్పినట్టు లెక్కేసే లోకంలో అరవై అంటే పరామర్శకు వెళ్లాల్సిన మార్కు.

ఇంతా చేసి, జస్టిస్ లీగ్ వీరుల్లో ఒకడైన ఆ బ్యాట్‌మన్‌నే తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి, హార్లీ చేత తలలోకి కాల్పించారు. ఆ పాత్రకు గొంతిచ్చిన కెవిన్ కాన్రాయ్ 2022 నవంబరులోనే కన్నుమూశాడు. 1992 నాటి కార్టూన్ సీరియల్ నుంచి మూడు దశాబ్దాలు బ్యాట్‌మన్ అంటే ఆయన గొంతే. అభిమానుల కడుపు మండింది. మండదా మరి? కంపెనీవారు కరుణించి, 2025 జనవరిలో ఆట చివరి అంకంలో రహస్యం విప్పారు. స్క్వాడ్ చంపింది నకళ్లనట, ఆ నకళ్ల తాలూకు అసలు వీరులు క్షేమంగా ఉన్నారట. ఆట పేరేమో ‘జస్టిస్ లీగ్‌ను చంపండి’. చివరికి తేలిందేమో స్క్వాడ్ ఎవర్నీ చంపలేదని. పేరులో పెట్టిన ఒక్క పనైనా కాలేదన్నమాట. బ్రెయినియాక్ అనే దుష్టుడి పదమూడు రూపాలను వేటాడాలని గొప్పగా మొదలెట్టిన యాత్ర నాలుగు సీజన్లకే చాప చుట్టేసింది.

ముందు వెళ్లినవాడు గోతిలో పడితే వెనకవాడు చూసి నడవాలి. ముందు వెళ్లినవాడు లేకపోలేదు. 2020 సెప్టెంబరులో స్క్వేర్ ఎనిక్స్ ‘మార్వెల్స్ అవెంజర్స్’ను దింపింది. కమలా ఖాన్ అనే పిల్ల కథ ముచ్చటగా ఉందన్నారు, ఆ తర్వాత అదే రోబోల్ని అవే గోదాముల్లో అదేపనిగా కొట్టడమేమిటన్నారు. అలంకారాలు తప్ప ఇంకేమీ డబ్బుకు అమ్మమని మాటిచ్చి, ఏడాది తిరిగాక ఆటగాడు త్వరగా పైకెదిగే మందును డబ్బుకు అమ్మకానికి పెట్టారు. గోల రేగితే వెనక్కి తీసుకున్నారు. 2023 సెప్టెంబరు 30న ఆటనే డిజిటల్ అమ్మకాల్లోంచి తీసేశారు. పోయేముందు నాలుగు డాలర్లకు అమ్మారు. ఆ దుకాణం మూతపడిన నాలుగు నెలలకే, సరిగ్గా అదే సరుకుతో, రాక్‌స్టెడీ యజమాని వార్నర్ బ్రదర్స్ పక్కనే కొత్త దుకాణం తెరిచింది.

సమీక్షకులు మాత్రం తక్కువ తిన్నారా? ఇలాంటి ఆటలకు మొదటివారంలోనే మార్కులు వేస్తూ, ‘ముందు ముందు అప్‌డేట్లతో బాగుపడొచ్చు’ అని చివర్లో ఒక ముక్క తగిలించడం వాళ్లకు అలవాటు. రాని అప్‌డేట్‌కు కూడా అడ్వాన్సు మార్కులిచ్చే దయామయులు. ఇక అభిమానులు వాళ్లకు తాతలు. 2018లో ఇన్సోమ్నియాక్ ‘స్పైడర్‌మ్యాన్’ విడుదలకు ముందు, పాత ప్రదర్శనలో కనిపించిన నీటి గుంట కొత్త చిత్రంలో చిన్నదైపోయిందని గగ్గోలు పెట్టారు. గుంట మార్చాం తప్ప నాణ్యత తగ్గించలేదు బాబూ అని స్టూడియో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆటలోని ఫొటో మోడ్‌లో నీటిగుంట స్టిక్కర్లు పెట్టి, కావాల్సినంత నీళ్లు మీరే పోసుకోండని వదిలేసింది. తిట్లకు అంతకన్నా చక్కటి జవాబు ఈ వ్యాపారంలో నేనింకా చూళ్లేదు. గుంటలో నీళ్లు తగ్గితే భూతద్దం పట్టుకున్న ఈ అభిమానులే, పత్రికలవాళ్లకు కాపీలు ఎందుకు రాలేదని అడక్కుండా 100 డాలర్లకు వరస కట్టారు.

ఇంత పెద్ద దెబ్బ తగిలాక కంపెనీ ఏం నేర్చుకుందనేగా మీ ప్రశ్న? ‘సూసైడ్ స్క్వాడ్’ మూలంగా 20 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసుకోవాల్సి వచ్చింది వార్నర్ బ్రదర్స్ డిస్కవరీకి. అదే కంపెనీ అంతకు ముందరి ఏడాది ‘హాగ్వార్ట్స్ లెగసీ’ అమ్మింది. ఒకసారి కొనుక్కుని, ఒంటరిగా కూర్చుని, ఆడి ముగించుకునే పాతకాలపు ఆట అది. అమెరికాలో ఆ ఏటి అమ్మకాల్లో దానిదే మొదటిస్థానం. ఒకటి గెలిచింది, ఒకటి బోర్లాపడింది. చిన్నపిల్లాడికి చూపించినా తేల్చేస్తాడు. పెద్దలు కూర్చుని ఆలోచించి 2024 మార్చిలో ఇన్వెస్టర్ల ముందు చెప్పిందేమిటంటే, పెద్ద కన్సోల్ ఆటలు నమ్మదగ్గవి కావు, కాబట్టి ఇకమీదట ‘సూసైడ్ స్క్వాడ్’లాగా కొన్నాక కూడా సీజన్లవారీగా సాగదీసే లైవ్ సర్వీసుల వైపు, మొబైల్ ఆటల వైపు ఎక్కువ నడుస్తామని. రోకలి తలకు చుట్టమన్న పెద్దమనిషి ఏ కార్పొరేట్ ఆఫీసులో తేలాడో ఇప్పుడు తెలిసింది. మూల్యం చెల్లించింది మాత్రం వాళ్లు కాదు. ఆ ఏడాది రాక్‌స్టెడీలో పని పోయినవాళ్లలో ఎక్కువమంది క్యూఏ విభాగంవాళ్లు, అంటే ఆటలో తప్పులు పట్టుకునేవాళ్లు. తనంతట తనే ముగిసిపోయే ఆట చేసిన కంపెనీకి తప్పులు పట్టేవాళ్లతో పనేముందిలెండి.

విడుదలై ఏడాదైనా కాకముందే, 2025 జనవరిలో, ప్లేస్టేషన్ ప్లస్ చందాదారులందరికీ ఆ ఆటను అదనంగా పైసా అడక్కుండా ఇచ్చేశారు. మూడు రోజులు ముందు ఆడేందుకు మామూలు ధర మీద ఎక్కువ పెట్టింది 30 డాలర్లు, అంటే రోజుకు పది. అందులో కొన్ని గంటలు సర్వర్లే లేవు. రేపు ఇంకో ముసుగువీరుడు వచ్చి ముందుగా డబ్బు కట్టమంటాడు. కట్టేముందు ఒక్క మాట అడగండి: నాయనా, సమీక్ష కాపీలు ఎవరెవరికి పంపావు?