బావగారికి ఎనభై నాలుగు

ఉమ్మి పంపితే ఒంట్లో ఇమ్యూనిటీ ఎంతుందో జన్యువులు చూసి నూటికి మార్కులేస్తున్నారుగా, ఆ వేడుక మా ఇంటికీ వచ్చింది. బావగారికి 84. అక్కకి 61. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరు తుమ్మినా ఆయన చూపు అక్క మీదికే పోతోంది.

84 అంటే దేనికి బావగారూ? డెంగీకా, క్షయకా, నిరుడు పానీపూరీ తిని పడకేశారే, ఆ విరేచనాలకా? రిపోర్టులో ఆ ముక్క లేదు. ఓ ఆకుపచ్చ గీత, దాని కింద మునగాకు పొడి కొనుక్కోమని లింకు.

అసలు మార్కులెలా వేస్తారు? టి-కణాలనే రక్షణ కణాల మీద సీసీఆర్5 అనే గ్రాహకం ఉంటుంది. హెచ్ఐవీ సాధారణంగా దాన్ని పట్టుకునే లోపలికి దూరుతుంది. ఉత్తర యూరప్‌లో కొందరికి ఆ గ్రాహకపు జన్యువులో 32 అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. అమ్మ నుంచీ నాన్న నుంచీ అదే వస్తే వాళ్లకు హెచ్ఐవీ సోకడం చాలా అరుదు. భేష్, నూటికి నూరు! కానీ అదే మనిషికి వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు ముదిరే ముప్పు ఎక్కువ. ఇప్పుడెంత వేస్తారు సార్?

పైగా టి-కణాలు, బి-కణాలు పుట్టుకతో వచ్చిన జన్యువుల ముక్కల్ని దేనికది కలిపి అతికించుకుని సొంత గ్రాహకాలు తయారుచేసుకుంటాయి. యాంటీబాడీల్లో ఈ కిటుకు పట్టుకున్న సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ ఇచ్చారు. అచ్చంగా ఒకే పోలికున్న కవలలకు కూడా ఆ అతుకులు ఒక్కలా పడవు. మరి సీసాలో ఉమ్మికి మార్కులా?

 

నవ్వింది చాలు. షుగరున్న బావగారు "నా స్కోరుకి ఫ్లూ టీకా ఎందుకు" అని మానేశారు. కరోనాలో కళ్లముందు మనుషులు పోతే మిగిలిన భయాన్ని ఈ స్కోర్లవాళ్లు డబ్బాల్లో పెట్టి అమ్ముకుంటున్నారు. ఇది మోసం.

నిజంగా పనికొచ్చే పరీక్షలున్నాయి. హెచ్ఎల్ఏ-బీ*15:02 అనే జన్యు రకం ఉన్నవాళ్లు ఫిట్స్‌కి కార్బమాజెపీన్ వేసుకుంటే ఒంటి మీద చర్మం ఊడొచ్చే ప్రమాదముంది. బావగారి రిపోర్టులో దాని ఊసే లేదు. తలసీమియా పిల్లలకు మూలుగ మార్చాలన్నా హెచ్ఎల్ఏ కలవాలి. సొంత తోబుట్టువుతో కలిసే అవకాశం నాలుగింట ఒకటే. కలవకపోతే మూలుగలోని మూలకణాలిచ్చే బయటి దాతను వెతకాలి.

అందుకే మీ ఇంట్లో పాతికేళ్ల ఆరోగ్యవంతులుంటే మూలకణ దాతల రిజిస్ట్రీలో పేరు రాయించండి. చెంప లోపల దూదిపుల్లతో రాసిస్తే చాలు. మార్కులు మాత్రం వెయ్యరు.