అడ్డుపడితేనే అభిప్రాయం

కొత్త హైటెన్షన్ లైనుకు, అంటే ఒకచోట తయారైన కరెంటును వందల కిలోమీటర్ల అవతలి సబ్‌స్టేషన్‌కు మోసుకుపోయే టవర్ల వరుసకు, దారి నిర్ణయించేటప్పుడు సంబంధిత పక్షాలను సంప్రదించడంలో మన వ్యవస్థ చూపే శ్రద్ధను శంకించడానికి వీల్లేదు. తీగ రైలు పట్టాలు దాటాలంటే రైల్వే శాఖ ఒప్పుకోవాలి. విమానాల దారికి దగ్గరైతే విమానయాన, రక్షణ శాఖలు సరేననాలి. పక్కనున్న టెలిఫోన్ తీగలకు హైటెన్షన్ వల్ల చేటు జరగదని తేల్చడానికి విద్యుత్–టెలికాం సమన్వయ సంఘం ఒకటి ప్రత్యేకంగా ఉంది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి కవ్వాల్‌కు పులులు నడిచే దారి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనిదే గనుక, ఆ దారిలో టవర్ నాటాలంటే పులి తరఫున జాతీయ వన్యప్రాణి మండలి అభిప్రాయం చెబుతుంది. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం, సింగరేణి గనులు, అడవి, జాతీయ రహదారి ఒక్కచోటే కలిసే బెల్లంపల్లి పరిసరాల్లో ఇటువంటి ఫైలు ఎంత లావెక్కుతుందో ఊహించుకోవచ్చు. టవర్ నాలుగు కాళ్లూ ఎవరి చేనులో దిగుతాయో ఆ పట్టాదారు సంతకం మాత్రం అందులో ఉండనవసరం లేదు.

ఇది మరుపు వల్ల జరిగిన లోపం కాదు, ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు. 2003 విద్యుత్ చట్టం కింద 2006లో కేంద్రం చేసిన నియమాల ప్రకారం లైసెన్సు పొందిన సంస్థ భూయజమాని సమ్మతి ముందుగా తీసుకోవాలి, ఆయన కాదంటే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందాలి. అయితే చట్టంలోని 164వ సెక్షన్ కింద అధికారాలు దక్కిన సంస్థకు ఈ బెడద లేదని అదే నియమం చివర్లో ఉంది. తంతి స్తంభాలు నాటడానికి 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం తంతి శాఖకు ఇచ్చిన అధికారాలను విద్యుత్ సంస్థ చేతికి అందించేదే ఈ 164వ సెక్షన్. ఆ చట్టం పుట్టిననాడు బెల్లంపల్లి నిజాం ఏలుబడిలో ఉంది. 2013 జూలైలో దేశంలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం పాత చట్టం రద్దునే నిర్దేశించింది. కానీ దాని మూడో భాగాన్ని, అంటే ఒకరి భూమిలో ఇంకొకరు స్తంభం నాటే భాగాన్ని, కరెంటు లైన్ల కోసం మాత్రం బతికించి ఉంచింది. తంతికి కర్మకాండ ముగిసినా దాని వారసత్వపు ఆస్తి ఇలా భద్రంగా చేతులు మారింది. పవర్‌గ్రిడ్, సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ అధికారాలున్నచోట యజమాని సమ్మతి అక్కర్లేదని తేల్చింది. అక్కడ అభ్యంతరం చెప్పింది సున్నపురాయి గని లీజు ఉన్న పెద్ద కంపెనీ. కంపెనీకే లేని హక్కు మూడెకరాల పత్తి రైతుకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అంతమాత్రాన జనాన్ని అసలే అడగరనడం అన్యాయమవుతుంది. లైను ఏయే గ్రామాల మీదుగా పోతుందో గెజిట్‌లోనూ పత్రికల్లోనూ ప్రకటించి, అభ్యంతరాలుంటే రెండు నెలల్లోగా తెలపమంటారు. వానాకాలం పత్తికి రెండో దఫా కలుపు తీయిస్తున్న మనిషి పొద్దున్నే గెజిట్ తిరగేయకపోతే ఆ దోషం ప్రభుత్వానిది కాదు. గడువు దాటాక సర్వేవాళ్లు వచ్చి గట్టు మీద రాయి పాతి ఎర్ర రంగు పూసినప్పుడు, ఈ రాయేమిటని ఆయన అడగడం ప్రకటన చదవలేదన్న సంగతికి రుజువుగా మాత్రమే పనికొస్తుంది.

బొగ్గుబాయి ఊళ్లకు ప్రజాభిప్రాయ సేకరణ కొత్తేమీ కాదు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం ఓపెన్‌కాస్టు గనికి కనీసం నెల రోజుల ముందు నోటీసిచ్చి, షామియానా వేసి, మైకు పెట్టి, అనుకూల వక్తలను ముందు వరుసలో కూర్చోబెట్టి, పోలీసు బందోబస్తు నడుమ జనం మాట వింటారు. వినడమే తప్ప ఆ మాటకు కట్టుబడాల్సిన పని లేకపోయినా, కనీసం కుర్చీలు వేస్తారు. విద్యుత్ లైన్లు ఆ ప్రకటన జాబితాలోనే లేవు కనుక వాటికి కుర్చీల ఖర్చు కూడా తప్పింది. అడవి భూమి మళ్లించాలంటే అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ సమ్మతి ఉండాలని 2009 ఆగస్టులో చెప్పిన కేంద్ర పర్యావరణ శాఖే, రోడ్లు, కాలువలు, విద్యుత్ లైన్ల వంటి పొడవాటి పనులకు ఆ సమ్మతి అక్కర్లేదని 2013 ఫిబ్రవరి 5న మరో లేఖ రాసింది. ఆదిమ గిరిజన తెగల హక్కులకు భంగం కలిగే సందర్భాన్ని మాత్రం మినహాయించింది. ఒక్క ఊరి అడవినే తీసుకుంటే ఊరిని అడగాలి. వంద ఊళ్ల అడవిని సన్నగా, నిలువుగా చీల్చుకుపోతే ఎవరినీ అడగనక్కర్లేదు.

మహారాష్ట్రలోని వరోరా నుంచి ఉమ్మడి ఆదిలాబాద్ మీదుగా వరంగల్‌కు, అక్కడి నుంచి హైదరాబాద్, కర్నూలు వైపు సాగే 765 కిలోవోల్టుల లైను 2021లో అదానీ సంస్థ చేతికి వచ్చి 2023లో పూర్తిగా ఛార్జి అయింది. దాని మొత్తం పొడవు 1,756 సర్క్యూట్ కిలోమీటర్లు. ఒకే టవర్ మీద రెండు సర్క్యూట్లుంటే కిలోమీటరును రెండుగా లెక్కించే కొలత ఇది. ఈ తరగతి డబుల్ సర్క్యూట్ లైను కింద 67 మీటర్ల వెడల్పున కారిడార్ వదలాలి. అందులో పంట వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు, మామిడి లాంటి ఎత్తయిన చెట్టు పెంచకూడదు. చేనులో తీగ 150 మీటర్ల దూరం సాగిందంటే దాదాపు రెండున్నర ఎకరాలకు ఈ ఆంక్ష తగిలినట్టే. 2015 అక్టోబరు నాటి కేంద్ర మార్గదర్శకాలు టవర్ కాళ్ల మధ్యనున్న జాగాకు భూమి విలువలో 85 శాతం, కారిడార్‌కు గరిష్ఠంగా 15 శాతం చూపాయి. 2024 జూన్‌లో అవి 200, 30 శాతాలయ్యాయి. భూమిని సేకరించడం లేదు, వాడుకుంటున్నారంతే. కాబట్టి పట్టా రైతు పేరనే ఉంటుంది, పాసు పుస్తకంలో గుంట కూడా తగ్గదు; కూతురి పెళ్లికి ఆ చేను అమ్మబోతే తీగను చూసి బేరం దించేవాడు పాసు పుస్తకం చదివి వస్తాడా అన్నదే సందేహం.

ఇంతకూ రైతు అభిప్రాయానికి చట్టంలో చోటు లేకపోలేదు. టెలిగ్రాఫ్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, పనిని ఎవరైనా ప్రతిఘటించినా అడ్డుకున్నా వ్యవహారం జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, ముందుకు వస్తుంది. పరిహారం చాలదంటే జిల్లా జడ్జి దగ్గరకు పోవచ్చు. బుద్ధిగా ఇంట్లో కూర్చున్న రైతు ఏ రికార్డులోకీ ఎక్కడు. జేసీబీ ముందు అడ్డంగా పడుకున్న రైతుకు మాత్రం పేరు, ఊరు, సర్వే నంబరు, విచారణ తేదీ అన్నీ ఏర్పడతాయి. సంప్రదింపు కోరుకునేవారికి చట్టం తెరిచి ఉంచిన గట్టి వాకిలి ఇదొక్కటే కావడం వల్ల ధర్నాలను అభివృద్ధికి ఆటంకంగా భావించే అధికారులు వాటిని దరఖాస్తు ఫారాలుగా చూడటం న్యాయంగా ఉంటుంది.

తీగను భూమిలోపలి నుంచి తీసుకుపోవచ్చు కదా అనే ప్రశ్న కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. తమిళనాడులోని పుగలూరు నుంచి కేరళలోని త్రిసూరుకు 2021లో ప్రారంభమైన లైనులో, జాగా దొరకడం కష్టమైన కేరళ వైపు పాతిక కిలోమీటర్లకు పైగా కేబుల్‌ను భూమిలోనే వేశారు. ఆ ఖరీదైన సౌకర్యాన్ని బెల్లంపల్లి చుట్టుపక్కల ఎవరైనా అడిగితే అధికారులు ముందుగా సింగరేణిని సంప్రదించాల్సి ఉంటుంది. ఇక్కడ భూమి కింద బొగ్గు ఉంది, దాని లీజు కాగితాల్లోనూ పట్టాదారు పేరు ఉండదు.