తోక తిరిగిన కారుకు టీకాతాత్పర్యం

అవతారిక. ఒకడు వానలో కారులో ఘాట్ రోడ్డు దిగుతున్నాడు. మలుపు తాననుకున్న దానికంటే బిగువుగా ఉందని సగం తిరిగాక తెలిసింది. ఆ క్షణంలో కుడికాలు ఏం చేస్తుంది, అందుకు బండి ఏం చేస్తుంది, ఆ రెండింటినీ చూసి మూడోవారెవరో ఏం చేస్తారు అన్నదే పద్యవిషయం. మూలమూ టీకా ఒకే చేతివి కనుక, అర్థం కుదరని చోట తప్పును లేఖకుల మీదికి నెట్టే సదుపాయం ఈ వ్యాఖ్యాతకు లేదు.

ఆ.వె. మలుపులోన భయము మదిఁ గల్గి కాలెత్త
ముక్కు వంగి తోక ముందు కురుకు;
బయటి ముందు గాలు పట్టి యాపఁగ వచ్చు
దీపమొకటి వెలుఁగు దిక్కు మనకు.

ప్రతిపదార్థం. మలుపులోన = స్టీరింగ్ ఇంకా తిప్పి ఉండగానే; భయము = వేగం ఎక్కువైందన్న బెదురు; మదిన్ + కల్గి = మనసున పుట్టి; కాలు = కుడికాలు; ఎత్త = యాక్సిలరేటర్ మీంచి ఒక్కసారిగా తీసేయగా; ముక్కు = బానెట్ భాగం; వంగి = కిందికి కుంగి; తోక = డిక్కీ భాగం; ముందుకు + ఉరుకు = తానే ముందు పోదామని తొందరపడును; బయటి = మలుపుకు వెలుపలి వైపుదైన; ముందు గాలు = ముందు చక్రమును; పట్టి = బ్రేకు వేసి పట్టుకొని; ఆపఁగ వచ్చు = ఆ తిరుగుడును ఆపుటకు వచ్చునట్టి; దీపము + ఒకటి = మీటర్ల దగ్గర, కారు బొమ్మ కింద రెండు మెలికల గీతలున్న పసుపు దీపం; వెలుఁగు = ప్రకాశించును; మనకు = డ్రైవింగ్ బాగా వచ్చుననుకునే మనకు; దిక్కు = శరణము.

తాత్పర్యం. మలుపు మధ్యలో భయపడి కాలు తీస్తే ముందు చక్రాలు లాగే బండికి కూడా తోక తిరుగుతుంది. దాన్ని సర్దేది స్టెబిలిటీ కంట్రోల్.

శంక. ఇక్కడ అంబాసిడర్ సంప్రదాయం వారు అడ్డుపడతారు. “తోక తిరగడం వెనక చక్రాలు తోసే బండి లక్షణం. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన నాటి నుంచీ మన చిన్న కార్లలో చాలామటుకు ముందు చక్రాలు లాగేవే. అవి మలుపులో మాట వినకపోతే తిన్నగా బయటికి పోతాయి. దాని పేరు అండర్‌స్టీర్. వాటికి తోక తిరగడమనే ఓవర్‌స్టీర్ అంటగట్టడం కవి సాహసం.”

సమాధానం. పూర్వపక్షంలో సగం నిజముంది. కాలు యాక్సిలరేటర్ మీద ఉన్నంత సేపు అది చెల్లుతుంది. ఆ బండిలో ఇంజనూ గేర్‌బాక్సూ ముందే ఉంటాయి, బరువులో నూటికి అరవై పాళ్లు ముందు చక్రాల మీదే పడుతుంది. లాగడమూ వాటి పనే, తిప్పడమూ వాటి పనే. టైరుకు రోడ్డు మీద ఉండే పట్టుకు ఒక హద్దుంది. లాగడానికి ఎక్కువ ఖర్చుపెడితే తిప్పడానికి తక్కువ మిగులుతుంది. కనుక ముక్కు బయటికి పోతుంది. ఇంతవరకూ ఒప్పుకుంటాం.

అయితే పద్యంలో ‘ఎత్త’ అని ఉంది. కాలెత్తగానే లాగుడు ఆగి ఇంజనే బ్రేకవుతుంది, బరువు ముందుకు ఒరుగుతుంది. బరువెక్కిన ముందు టైర్లకు పట్టు పెరిగి, అప్పటిదాకా తిరగనన్న ముక్కు చటుక్కున లోపలికి తిరుగుతుంది. వెనక టైర్ల మీద అసలే తక్కువున్న బరువు ఇంకా తగ్గింది. వేగం మాత్రం ఇంకా అలాగే ఉంది కాబట్టి బండిని మలుపులో పట్టి ఉంచే బాధ్యత వాటికి తగ్గలేదు. అవి జారతాయి. ఘాట్ దిగుతుంటే వాలు కూడా ముక్కు మీదే భారం వేస్తుంది. కాలెత్తడంతో ఆగక బ్రేకు కూడా తొక్కితే చెప్పనే అక్కర్లేదు. లాగే చక్రాలు ఎటున్నా తేలికైన చక్రాలే జారతాయని సిద్ధాంతం.

అలంకారం. విషమాలంకారం. మేలు కోరి చేసిన యత్నం కీడుకు దారితీయడం. ఈ సందర్భంలో సరైన క్రియ మరీ విషమం: తోక జారిన వైపుకే స్టీరింగ్ తిప్పి, యాక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కాలి, ముందు చక్రాలు బండిని లాగి తిన్నగా చేస్తాయి. లోయ కనిపిస్తుండగా యాక్సిలరేటర్ తొక్కే ధైర్యం శాస్త్రం చదివితే రాదు.

ఈ దోషాన్నే గుణంగా ఆస్వాదించిన రసికులూ ఉన్నారు. 1984లో వచ్చిన ప్యూజో 205 జీటీఐ మలుపులో కాలెత్తితే తోక తిప్పుతుందని పేరు, ఆ పేరుకే అభిమానులు. స్వీడన్ వాడు ఎరిక్ కార్ల్‌సన్ ముందు చక్రాల సాబ్ 96లో కుడికాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి, ఎడమకాలితో బ్రేకు తడుతూ తోకను కావాలనే తిప్పి, 1962, 1963లలో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. బండిని తరచూ తిరగేసినందుకు ‘కప్పు మీది కార్ల్‌సన్’ అనే బిరుదూ దక్కింది. కాబట్టి ప్రయోగం సాధువే గాని అనుకరణీయం కాదు.

‘బయటి ముందు గాలు’. పద్యానికి ప్రాణం ఈ పాదంలో ఉంది. స్టెబిలిటీ కంట్రోల్ చేసేది అచ్చంగా టీకాకారుడి పని. స్టీరింగ్ ఎంత తిప్పారో ఒక సెన్సర్ చెబుతుంది: అది కవి హృదయం. బండి తన నిలువు ఇరుసు చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో మరొకటి చెబుతుంది: అది వచ్చిన పద్యం. పక్కకు తోసే బలమూ నాలుగు చక్రాల వేగాలూ కూడా లెక్కలోకి వస్తాయి. బాష్ వారి పద్ధతిలో కవి హృదయాన్నీ వచ్చిన పద్యాన్నీ సెకనుకు 25 సార్లు సరిపోల్చుతారు. తేడా వస్తే దిద్దుబాటు మొదలవుతుంది. బండి ఎక్కువ తిరుగుతుంటే వెలుపలి ముందు చక్రానికి బ్రేకు పడుతుంది. ఆ లాగుడు బండిని ఎదురు దిక్కుకు మళ్లిస్తుంది, తోక వెనక్కి వస్తుంది. తక్కువ తిరుగుతుంటే లోపలి వెనక చక్రానికి. మనిషికి బ్రేకు పెడల్ ఒక్కటే కనుక నాలుగు చక్రాల్లో ఒకదాన్నే పట్టుకునే విద్య అతనికి లేదు. ఎంత గొప్ప డ్రైవరైనా ఈ పాదానికి అన్వయం చెప్పలేడు.

దీన్ని బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి 1995లో ఎస్-క్లాస్ కూపేలో తెచ్చాయి. బాష్‌లో ఆ పని నడిపిన ఇంజనీరు ఆంటన్ వాన్ జాంటెన్. మొదట అది ధనికుల కార్లకే పరిమితం. చిన్నకారుకు దిగిరావడానికి ఒక మృగం కారణమైంది. 1997 అక్టోబరులో స్వీడన్ పత్రిక ‘తెక్నికెన్స్ వార్ల్ద్’ కొత్త మెర్సిడెస్ ఏ-క్లాస్‌ను, రోడ్డుకు అడ్డొచ్చిన దుప్పి జాతి మూస్‌ను తప్పించే తీరులో చటుక్కున పక్కకు తిప్పి చూసింది. బండి తలకిందులైంది. ఏ-క్లాస్ ముందు చక్రాల బండే. బోర్లాపడటం వేరు, తోక తిరగడం వేరు, ఆ ప్రకరణం ఇక్కడిది కాదు. ఫలం మాత్రం ఇక్కడిదే. కంపెనీ అమ్మకం ఆపి, సస్పెన్షన్ మార్చి, ఆ చిన్నకారుకు స్టెబిలిటీ కంట్రోల్‌ను తప్పనిసరి చేసింది. (మన వ్యాఖ్యాతలు దీన్ని మహిష పరీక్ష అనబోతారు. పొసగదు. మూస్ ఉన్నట్టుండి అడ్డొస్తుంది. మన గేదె ముందునించీ అక్కడే నిలబడి ఉంటుంది.) రెండేళ్లకు ఆడీ టీటీ వంతు. జర్మనీలో అతివేగం మీద ప్రమాదాలు జరిగాక, 2000లో దానికి స్టెబిలిటీ కంట్రోలూ, డిక్కీ మీద స్పాయిలరూ చేర్చారు.

కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథుడు మూలంలో లేనిదాన్ని టీకలోకి రానివ్వడు. ఈ యంత్రానికీ అదే కట్టుబాటు. మూలమంటే రోడ్డుకూ టైరుకూ మధ్య ఉన్న పట్టు. ఉన్న పట్టును నాలుగు చక్రాలకు తెలివిగా పంచుతుంది తప్ప, లేని పట్టును పుట్టించదు. అరిగిన టైరు నీళ్ల మీద తేలుతున్నప్పుడు దానికి వ్యాఖ్యానించడానికి పాఠమే దొరకదు.

ఇందుకే టైర్ల విషయంలో ఆచార భేదం చెప్పాలి. రెండే కొత్త టైర్లు కొంటే మన షాపులవారు ముందు చక్రాలకు వేస్తారు; లాగేవీ తిప్పేవీ అవే గదా అని యుక్తి. టైర్ల కంపెనీల శాసనం దీనికి విరుద్ధం: ముందు చక్రాలు లాగే బండికైనా కొత్తవి వెనకే. ముందువి జారితే స్టీరింగ్ చేతికి ఆ సంగతి తెలుస్తుంది, వేగం తగ్గిస్తే దారికొస్తుంది. వెనకవి జారితే తెలిసేసరికి బండి అడ్డం తిరిగి ఉంటుంది. పద్యంలో తోకకు గట్టి టైర్లు ఉంటే రెండో పాదంతోనే కథ ముగిసేది, మూడో పాదం రాయాల్సిన పని కవికి ఉండేది కాదు. షాపులో ఈ వాదం గెలవాలంటే మాత్రం టీకాకారుడికి కూడా కొంత గొంతు కావాలి.

పాఠాంతరం. నాలుగో పాదంలో ‘వెలుఁగు’ అన్నచోట ‘మినుకు’ అని మరో పాఠం. రెండూ నగణాలే, ఛందస్సు తీర్పు చెప్పదు. నిర్ణయం బండి మాన్యువల్ మీద ఆధారపడింది. ఆ దీపం మినుకుమినుకుమంటే యంత్రం ఆ క్షణాన పనిచేస్తోందని అర్థం. ఆగకుండా వెలుగుతుంటే పాడైందని. దాని పక్కన ‘ఆఫ్’ అని కనిపిస్తే ఎవరో బటన్ నొక్కి ఆపేశారని. కనుక ‘మినుకు’ సాధుపాఠం. ‘వెలుఁగు’ పాఠమే కనిపిస్తున్న బండిని, ఘాట్ రోడ్డు సంగతి తరవాత, ముందు షెడ్డుకు తీసుకుపోవాలి.